ఇంటి వైఫైకి తాళము

వీధితలుపు గడియ వేయక నిదురించు అలవాటు మనకు లేదు. కాని గోడలు దాటి పోవు వైఫైని మాత్రము తెరచి విడుచుచున్నాము. 2008 జూలై 26న అహమ్మదాబాదు ప్రేలుళ్లకు కొలది నిమిషములు ముందుగా వచ్చిన బెదిరింపు ఈ-మెయిలు నవీ ముంబయిలోని ఒక ఇంటి వైఫైనుండి వెళ్లినట్లు పోలీసులు కనుగొనిరి. దానికి రక్షణ లేదు. ఏమియు నెరుగని ఆ గృహస్థు ప్రశ్నలకు సమాధానము చెప్పుకొనవలసి వచ్చినది.

కావున రౌటరు ఇంటికి వచ్చిననాడే దానిని చక్కబరచుకొందము. రౌటరు అడుగున ముద్రించిన చిరునామాను బ్రౌజరులో వ్రాసినచో సెట్టింగుల పుట తెరచుకొనును. మొదట ఆ పుటకు గల అడ్మిన్ పాస్‌వర్డును మార్చవలెను. వైఫై పాస్‌వర్డు వేరు, ఇది వేరు. కంపెనీ పెట్టి పంపినది పరులు సులభముగా ఊహింపగలరు. పిదప రక్షణ పద్ధతిగా డబ్ల్యు.పి.ఎ.3ను, అది లేనిచో డబ్ల్యు.పి.ఎ.2ను ఎన్నుకొనవలెను. 2001 నాటికే లోపములు బయటపడిన డబ్ల్యు.ఇ.పి. పనికిరాదు. వైఫై పాస్‌వర్డుగా ఇంటిపేరు, పుట్టినతేదీ వలదు. పొంతన లేని నాలుగైదు మాటలు కూర్చినచో మనకు జ్ఞాపకముండును, పరులకు చిక్కదు. డబ్ల్యు.పి.ఎస్.ను ఆపివేసి, అప్‌డేటులు వచ్చినపుడెల్ల స్వీకరింపవలెను.

ఇంటికి వచ్చినవారు అడిగినచో కాదనలేము. వారి కొరకు గెస్ట్ నెట్‌వర్కు వేరుగా ఏర్పరచవచ్చును. అతిథికి వసారా చూపుదము. పెట్టె తాళపుచెవి మన మొలనే ఉండనిత్తము.