గడిలో భిన్నము

పదహారణాల తెలుగుదనమని మనము నేటికిని అనుచునే యున్నాము. అణా మాత్రము మన సంచులలో లేదు. 1957వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన దశాంశ నాణెములు అమలులోనికి వచ్చి, రూపాయికి పదహారణాలనెడి లెక్క పోయి, నూరు నయాపైసల లెక్క వచ్చినది. అయినను పావు, అర, ముప్పావు అను మాటలు మన నాలుకను విడువలేదు. పాలు అరలీటరు పోయించుకొందుము. కందిపప్పు పావుకిలో తెమ్మందుము. భిన్నములు లేనిదే ఇల్లు గడవదు.

ఈనాడు ఇంటి పద్దులను, పొలము పద్దులను కంప్యూటరులోని స్ప్రెడ్‌షీటున వ్రాసికొనువారు పెక్కురు. నిలువు వరుసలుగను, అడ్డవరుసలుగను గడులు గీచిన చిట్టా పుస్తకము వంటిదది. కూడికలు, హెచ్చవేతలు తానే చేసిపెట్టును. ఆ గడులలో భిన్నమును చూపు విధమెట్టిది, అందు వహింపవలసిన జాగ్రత్త యెట్టిది అను విషయమును నేడు మనవి చేయదలచినాము.

మొదట మాకు కలిగిన చిక్కు చెప్పెదము. ఎక్సెల్ గడిలో, పావు అను నుద్దేశముతో, 1/4 అని కొట్టితిమి. మన దేశపు తేదీ పద్ధతి అమర్చిన యంత్రమగుటచే, గడిలో ఏప్రిల్ 1వ తేదీ ప్రత్యక్షమైనది! అణాలను సాగనంపిన తేదీయే వచ్చి కూర్చున్నదే యని నవ్వుకొంటిమి. నడుమ ఏటవాలు గీత గల అంకెలను తేదీగా భావించుట యంత్రమున కలవాటు. దీనికి ఉపాయము సులభము. ముందు సున్న కొట్టి, కొంచెము ఎడము విడిచి, పిదప 1/4 కొట్టవలెను. ఒకటిన్నర కావలెనన్న 1 కొట్టి, ఎడము విడిచి, 1/2 కొట్టవలెను. లేదా, ఫార్మాట్ సెల్స్ అనుచోట ఫ్రాక్షన్ అను ఏర్పాటును ముందుగనే గడులకు చేసియుంచవచ్చును.

ఇంతతో పని ముగిసినదని తలపరాదు. గడిలో కనబడునది వేరు, గడిలో నుండునది వేరు. 1/4 అని కనబడు గడిలో నుండునది 0.25 అను సంఖ్య. భిన్నము ఆ సంఖ్యకు తొడిగిన చొక్కా వంటిది. చొక్కా కొలత కుదరనిచో ఏమగునో ఒక ఉదాహరణమున చూడుడు.

మా బంధువుల యింట పండ్రెండెకరాల పొలమునకు పాత దస్తావేజు కలదు. అందు ఒక శాఖవారికి అయిదణాల వాటా, మరియొక శాఖవారికి పదకొండణాల వాటా వ్రాయబడియున్నవి. అనగా పదహారింట అయిదు, పదహారింట పదకొండు. ఆ యింటి చిన్నవాడు గడులకు ఫ్రాక్షన్ జాబితాలోని మొదటి ఏర్పాటును చేసి, వాటాలను ఎక్కించినాడు. అది హారమున ఒక్క అంకెను మాత్రమే చూపు ఏర్పాటు. పదహారునకు రెండంకెలు గదా! అందుచే యంత్రము దగ్గరి భిన్నమును వెదకి, అయిదణాలను 1/3 అనియు, పదకొండణాలను 2/3 అనియు చూపినది. రెండును కూడిన సరిగా ఒకటి యగును. కనుక అనుమానమునకు తావులేదు. అతడు వానినే తెల్లకాగితముపై ఎత్తి వ్రాసినాడు.

కాగితము చూచిన పెద్దాయన, "అబ్బాయీ, రూపాయిలో మూడవవంతు అయిదణాల నాలుగు పైలురా! ఆ నాలుగు పైలు ఎవరివి?" అని అడిగినారు. అణాకు పండ్రెండు పైలు, రూపాయికి నూట తొంబదిరెండు. అందు నాలుగు పైలు స్వల్పమే. కాని పండ్రెండెకరాలలో అయిదణాల వాటాకు మూడు ముక్కాలు ఎకరములు వచ్చును. మూడవవంతునకు నాలుగెకరములు వచ్చును. తేడా పావెకరము, అనగా ఇరువదియైదు సెంట్లు. తెలంగాణ లెక్కలో పది గుంటలు. గడిలోని సంఖ్యతో యంత్రమే హెచ్చవేసియున్నచో 3.75 అనియే వచ్చెడిది. తప్పు లెక్కలో లేదు, కనబడిన రూపమును నమ్మి ఎత్తి వ్రాయుటలో నున్నది.

దీనికి విరుగుడు ఆ జాబితాలోనే కలదు. యాజ్ సిక్స్‌టీన్త్స్ అను ఏర్పాటు ప్రతి సంఖ్యను పదహారవ వంతులలో చూపును. సగమును 8/16 అని, కుదింపక చూపును; ఎనిమిదణాలన్నమాట! అయితే, నిజముగా మూడవవంతు వాటా యున్నచోట ఈ ఏర్పాటే దానిని 5/16 అని చూపి మోసపుచ్చును. కావున దస్తావేజు ఏ వంతులలో నున్నదో ఆ వంతుల ఏర్పాటునే చేయవలెను. కాగితమునకు ఎక్కించుటకు ముందు గడిలోని అసలు సంఖ్యను ఫార్ములా బార్‌లో ఒకసారి చూచుకొనవలెను.

మరియొక వింత. కంప్యూటరు లోలోపల రెండింటి లెక్కతో నడచును. అందుచే అర, పావు, బేడ, వీసము, అనగా 1/2, 1/4, 1/8, 1/16, దానికి పొల్లుపోకుండ ఇముడును. పదియవ వంతు, మూడవవంతు మాత్రము సరిగా ఇముడక, రవంత తేడాతో నిలుచును. మన పూర్వుల వీసపు లెక్క నేటి యంత్రమునకు దశాంశముకంటె ఎక్కువ చుట్టమన్నమాట!

వెనుకటి తెలుగు లెక్కలలో భిన్నములకు ప్రత్యేకమైన గుర్తులుండెడివి. నాలుగవ వంతులకు నిలువు గీతలు, పదహారవ వంతులకు అడ్డగీతలు. ఒక నిలువు గీత ప్రక్కన ఒక అడ్డగీత గీచిన అయిదణాలు. ఈ గుర్తులకు 2008లో వెలువడిన యూనికోడ్ 5.1లో స్థానము లభించినది. అవి గడిలో అక్షరములుగా నిలుచునే గాని కూడికకు రావు. అయినను, మన తాతలు వ్రాసిన వాటాలను వారి గుర్తులతోనే ప్రక్కగడిలో వ్రాసియుంచుకొనవచ్చును. అసలు దస్తావేజుతో పోల్చుకొనునపుడు ఆ రెండు గీతలే సాక్ష్యము చెప్పును.