అంగడిలో పోటీ – కొనువారి రక్షణ



నాది బేతంచెర్ల దాపున నున్న ఒక పల్లె. కర్నూలు సీమలో పుట్టి పెరిగినవాడను. 2022వ సంవత్సరము మొదలు మా ప్రాంతము నంద్యాల జిల్లాలో చేరినది. మా నేల రాతినేల. ఇచ్చట త్రవ్వి నునుపు చేసిన బండలు ఎన్నియో ఊళ్ళలో ఇండ్ల నేలలైనవి. సిమెంటునకు మూలమైన సున్నపురాయియు మా సీమలో విస్తారముగా గలదు.

2011వ సంవత్సరారంభమున మా పల్లె పాఠశాలకు ఒక గది కట్టదలచి, ఇంటింట చందా పోగుచేసితిమి. సిమెంటు కొరకు నేనును మరి యిద్దరును పట్టణమున మూడు అంగళ్ళు తిరిగితిమి. మూడింటను ఒకే ధర. పది దినములు గడచి మరల పోగా మూడింటను ధర పెరిగి యున్నది. పెరుగుటయు సమానముగనే పెరిగినది. నేను బేరమాడబోగా అంగడి యతడు, "యాడికి పోయినా ఇదే రేటు పెద్దాయనా! పైనుంచి వచ్చిన రేటుకు నేనేం చేసేది?" అనెను. అతనిని నేను దూషింపను. కాని మా చందా చాలక గోడల వరకే పని జరిగి, కప్పు నిలిచిపోయెను. ఆ యెండకాలము పిల్లలు వేపచెట్టు క్రిందనే చదువుకొనిరి.

అందరును ఒకే ధర చెప్పుట నేరమా యని మీరడుగవచ్చును. అది మాత్రమే నేరము కాదు. బొగ్గు ధరయో, రైలు కిరాయియో పెరిగినచో అందరి ఖర్చును పెరుగును. ఎవరి లెక్క వారు వేసికొనినను ఇంచుమించు ఒకే ధర రావచ్చును. నేరమెచ్చట నున్నదో తెలుపుటకు నా సొంత కథ యొకటి చెప్పవలసి యున్నది. చెప్పుటకు సిగ్గుగానే యున్నది.

మా యూర చింతచెట్ల ఫలసాయమును ఏటేట వేలము వేయుదురు. ఆ పైకముతో ఊరి బావికి పూడిక తీయించెడివారు. నా యౌవనమున ఒక యేడు, పాటకు ముందునాటి రాత్రి నలుగురము కూడుకొంటిమి. ఒకడే పాడవలెననియు, తక్కిన ముగ్గురు నోరెత్తరాదనియు, మిగిలినది పంచుకొనవలెననియు మాట యనుకొంటిమి. తెల్లవారి వేలము యథావిధిగా జరిగెను. తప్పెట మ్రోగెను, మూడుమార్లు పిలుపు పిలిచిరి, పాట చవుకగా ముగిసెను. ఎవరును దొంగతనము చేయలేదు, ఎవరును కొట్టుకొనలేదు. ఆ యేడు మాత్రము బావిలో పూడిక అట్లే యుండెను. నా పాలు నేనును పుచ్చుకొంటిని.

పోటీ పడవలసినవారు చాటున కూడబలుకుకొనుట – ఇదియే నేరము. చింతపండు దగ్గర జరిగినను, సిమెంటు దగ్గర జరిగినను దాని స్వభావ మొక్కటే.

సిమెంటు ధరను ఒకప్పుడు ప్రభుత్వమే నిర్ణయించెడిది. 1982లో ఆ కట్టడి కొంత సడలెను. 1989లో పూర్తిగా తొలగెను. నాటినుండి ధరను అదుపున నుంచు భారము పోటీపై పడినది. ఆ పోటీయే కపటమైనచో కొనువానికి దిక్కేది? గుత్తవర్తకమును అరికట్టుటకు 1969లో చేసిన చట్టమునకు మారుగా 2002లో పోటీ చట్టము చేయబడెను. ఆ చట్టముచే నేర్పడినది భారత కాంపిటీషన్ కమిషను. 2009 మే నెలనుండి ఈ కూడబలుకులను విచారించు అధికారము దానికి వచ్చినది.

కమిషను ధరలను నిర్ణయింపదు. ఇంతకే అమ్ముమని యెవరికిని చెప్పదు. ధరలు కూడబలుకుకొనుట, సరకును కావలెనని తగ్గించుట, ఊళ్ళు పంచుకొనుట, టెండర్లలో మోసము చేయుట – వీనిని మాన్పును. అంగడిలో పెద్దచేయి యైనవాడు ఆ బలముతో చిన్నవానిని అణచినను విచారించును. అమ్మువారి కట్టే కాదు, కొనువారి కట్టును నేరమే. రైతు తెచ్చిన వేరుసెనగ కింతకు మించి యీయరాదని వర్తకులు కూడబలుకుకొనినచో అదియు ఈ చట్టము క్రిందికి వచ్చును. ఎవరైనను రుసుము చెల్లించి సమాచార మీయవచ్చును. మొదటిచూపునకు ఆధారము కనబడినచో డైరెక్టరు జనరలు దర్యాప్తు చేయును. పిమ్మట ఉభయుల వాదనలు విని కమిషను తీర్పు చెప్పును.

మేము సిమెంటు కొరకు తిరుగుచున్న ఆ దినములలోనే ఢిల్లీలో ఇట్టి విచారణ నడచుచుండెనని నాకు తరువాత తెలిసినది. 2010లో భారత బిల్డర్ల సంఘము ఫిర్యాదు చేసెను. 2012 జూన్ 20వ తేదీన కమిషను తీర్పు వెలువరించి, సిమెంటు కంపెనీలకు సుమారు 6,300 కోట్ల రూపాయల జరిమానా విధించెను. ధరలు కలసి పెరుగుటను మాత్రమే చూచి ఈ తీర్పు చెప్పలేదు. కంపెనీలు తమ ఉత్పత్తిదారుల సంఘము ద్వారా ధరల సమాచారమును, ఉత్పత్తి లెక్కలను ఒకరివొకరు తెలిసికొనుచుండిరనియు, యంత్రముల శక్తి యున్నను సరకును తగ్గించిరనియు, సంఘ సమావేశముల పిమ్మట 2011 జనవరి, ఫిబ్రవరి నెలలలో ధరలు పెరిగినవనియు కమిషను ఎంచెను. అట్టి లెక్కలను పంచిపెట్టుట మానవలెనని ఆ సంఘమును ఆజ్ఞాపించెను.

కథ అంతటితో ముగియలేదు. వాదనలు వినని అధ్యక్షుడు తీర్పుపై సంతకము చేసెనను కారణమున 2015లో అప్పీలు న్యాయస్థానము ఆ తీర్పును కొట్టివేసెను. విన్నవాడే తీర్పు చెప్పవలెను. మన రచ్చబండకును అదియే ధర్మము గదా! కమిషను మరల విని 2016లో మరల దోషులే యని తేల్చెను. 2018 జులైలో అప్పీలు న్యాయస్థానము దానిని స్థిరపరచెను. కంపెనీలు సుప్రీముకోర్టునకు పోగా, జరిమానాలో పదియవవంతు కట్టుమని చెప్పి ఆ కోర్టు అప్పీళ్ళను విచారణకు స్వీకరించెను. ఫిర్యాదు నాటినుండి అప్పటికే ఎనిమిదేండ్లు గడచినవి. పైగా జరిమానా ధనము ప్రభుత్వ ఖజానాకు చేరునే గాని, బస్తా కొన్నవాని చేతికి రాదు. ఈ లోపములను నేను దాచను.

ఇట్టి విచారణ కష్టమగుటకు ఒక కారణ మేమి? కూడబలుకు మూసిన తలుపుల వెనుక జరుగును. లోపలివాడు నోరు తెరువనిదే రుజువు దొరకుట కష్టము. అందుకే చట్టము ఒక ఉపాయము చేసినది: తప్పొప్పుకొని ఆధారములు చూపినవానికి జరిమానా తగ్గింతురు. మనము టార్చిలైటులో వేయు సెల్లుల సంగతి వినుడు. వానిని చేయు మూడు కంపెనీలు ధరలు కూడబలుకుకొనినవని 2018 ఏప్రిలులో కమిషను తీర్పు చెప్పెను. అందులో ముందుగా వచ్చి చెప్పిన పానసోనిక్ సంస్థకు జరిమానా నూటికి నూరుపాళ్ళు మాఫీ యయ్యెను. తక్కిన రెండింటికి ముప్పది పాళ్ళు, ఇరువది పాళ్ళు మాత్రమే తగ్గెను. ముందు చెప్పినవానికే మేలు.

ఇక మన సొంత నష్టము మాట. సరకు నాసిగా నున్నను, తూకము తగ్గినను, ముద్రించిన ధరకు మించి తీసికొనినను దానికి ద్వారము వేరు. అది జిల్లా వినియోగదారుల కమిషను. 2019 నాటి చట్టము ప్రకారము మనము కాపురమున్న జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును, రెండేండ్లలోపల చేయవలెను, ఐదు లక్షల రూపాయల లోపు కొనుగోలునకు రుసుము లేదు. 1915 అను సంఖ్యకు ఫోను చేసి సలహా యడుగవచ్చును. అన్నిటికిని మూలము రసీదు. తెలిసినవాడు గదా యని రసీదు అడుగక వచ్చుట మనవారి అలవాటు. రసీదు లేనివాని మాట నిలువదు.

మా బేతంచెర్ల బండల వ్యాపారులకును ఒక మాట. సంఘము పెట్టుకొనుట తప్పు కాదు. విద్యుత్తు ధర కొరకు, బాట కొరకు, పనివారి క్షేమము కొరకు కలసి అడుగుడు. కాని అదే గదిలో కూర్చుండి "అడుగు బండ ఇంతకు తక్కువ అమ్మరాదు" అని కట్టు కట్టుకొనకుడు. సిమెంటువారిని నిందించిన నోటితో మనమే ఆ పని చేయుట తగదు.

ఆ మాట ముందుగా నాకే తగిలినది. బడి గది కప్పు లేక నిలిచిన దినములలో, ఒక సాయంకాలము ఊరివారి యెదుట నేను ఆ చింతచెట్ల సంగతి చెప్పి, నాడు నేను పుచ్చుకొన్న పైకమును వడ్డీతో గది ఖర్చునకు ఇచ్చితిని. తక్కిన ముగ్గురి పేర్లు నేను చెప్పలేదు, ఎవరును అడుగలేదు. కొంతసేపటికి ఒక ముసలాయన, "అయితే ఈసారి పాట అందరి ముందరా, రచ్చబండ కాడనే పెట్టుకుందాం. పాడేవాళ్లు ఎవరో వారం ముందే చెప్పండి," అనెను. నాటినుండి మా యూర అట్లే జరుగుచున్నది.

ఢిల్లీలో కమిషను చేయు పని పెద్దది. మన యూరి పాటను కాచుకొనుట మన పని.