ఆ కుర్చీలో కూర్చున్న మనిషిది ఏ వాడ?

(రాయపూర్, శంకర్ నగర్‌లో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



శంకర్ నగర్‌లో మైకు పట్టుకుని తెలుగులో మాట్లాడతానని నేనెప్పుడూ అనుకోలేదు. మా తాత విజయనగరం లైను మీద పట్టాల పనికి వచ్చి ఈ ఊళ్ళోనే ఉండిపోయాడు. 1931లో పూర్తయిన ఆ లైనే మనలో చాలామందిని ఇక్కడికి తెచ్చింది. మా నాయనమ్మ ఈ శంకర్ నగర్ బంగళాల్లోనే అంట్లు తోమింది. ఒక ఇంట్లో ఆమె టీ గ్లాసు పెరటి గోడ మీద విడిగా ఉండేది. ఆ గ్లాసు సంగతి మళ్ళీ చెబుతాను.

నేను సైకాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. థెరపిస్టు తాను బతికిన బతుకును వైద్యంలోకి ఎలా తెచ్చుకుంటుంది అన్నది నా పరిశోధన. ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లో దొరకలేదు. ఎం.ఏ. చదివేటప్పుడు నాకు నెలల తరబడి నిద్ర పట్టలేదు. అడ్మిషన్ లిస్టులో నా పేరు పక్కన కేటగిరీ చూశాక, అప్పటిదాకా నాతో కలిసి మెస్సుకు వచ్చిన అమ్మాయిలు నన్ను పిలవడం మానేశారు. ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళాను. ఆమె మంచి మనిషే. అంతా విని, "వాళ్ళు అందుకే మానేశారని నీ దగ్గర ఏం రుజువుంది?" అని అడిగింది.

ఆ ప్రశ్న తప్పేమీ కాదు. ఆరన్ బెక్ 1960లలో రూపొందించిన పద్ధతిలో అది మూల ప్రశ్న. మనసు పుట్టించుకున్న భయాన్ని రుజువుతో తూకం వేస్తారు. పరీక్ష తప్పుతానని వణికే వాళ్ళకు బాగా పనిచేస్తుంది. కానీ జరిగిన అవమానం గురించి చెప్పుకునే మనిషిని రుజువు అడిగితే ఆ గది పోలీస్ స్టేషన్ అయిపోతుంది. మూడోసారి తర్వాత నేను వెళ్ళలేదు.

రెండేళ్ళకు ఇంకొకామె దొరికింది. అదే కథ చెప్పాను. ఆమె రుజువు అడగలేదు. "మెస్సులో ఏ బల్ల దగ్గర కూర్చునేదానివి?" అంది. అంతే, అరగంట ఏడ్చాను. ఆమె సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో చదివిందని చాలా నెలల తర్వాత తెలిసింది. తన గురించి ఒకే ఒక్క మాట చెప్పింది: "నాదీ చివరి బల్లే."

మరి కష్టపడ్డ ప్రతివాళ్ళూ థెరపిస్టులైపోవచ్చా? నేను అలా అనడం లేదు. ఫ్రాంజ్ ఫానన్‌ను చూడండి. 1925లో మార్టినిక్‌లో పుట్టిన నల్లజాతి మనిషి. ఫ్రాన్స్ తరఫున యుద్ధం చేసి కూడా వర్ణవివక్ష రుచి చూశాడు. 1953లో అల్జీరియాలోని బ్లిడా మానసిక వైద్యశాలకు డాక్టరుగా వెళ్ళాడు. సమావేశాలు, రోగులే నడిపే పత్రిక, పండుగలు పెట్టాడు. యూరోపియన్ స్త్రీల వార్డులో అవి బాగా నడిచాయి. అల్జీరియా ముస్లిం పురుషుల వార్డులో అవే పనులు ఘోరంగా దెబ్బతిన్నాయి. ఆయనకు అరబిక్ రాదు, దుబాసీ కావాలి. తాను కూడా పాలకుల కళ్ళద్దాలతోనే చూశానని ఒప్పుకుని, ఆ వార్డువాళ్ళ కోసం కాఫీ దుకాణం పెట్టించాడు, కథలు చెప్పేవాడిని పిలిపించాడు, వాళ్ళ పండుగలు జరిపించాడు. 1956లో ఆ ఉద్యోగానికి రాజీనామా చేశాడు. ఆయన రాజీనామాను అందరూ గుర్తు చేస్తారు గానీ, నాకు మాత్రం ఆ ఓడిపోయిన వార్డే పెద్ద పాఠం. సొంత గాయం ఉన్నంత మాత్రాన ఎదుటివాళ్ళ గాయం దానంతటదే అర్థం కాదు.

నా థెరపిస్టుకూ ఆ ప్రమాదం తెలుసు. ఒకసారి ఆమె, "నీ కథలో నా కథ వినేస్తున్నాను, అది నీకు మంచిది కాదు" అని, తన సీనియర్‌తో చర్చించి వచ్చింది. ఆ మాట విన్నాక ఆమె మీద నమ్మకం ఇంకా పెరిగింది.

ఇక్కడి మనవాళ్ళ సంగతి ఇంకో రకం. 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు, ఒక రాష్ట్రంలోని ఎస్సీ, ఎస్టీ హోదా వలస వెళ్ళిన రాష్ట్రంలో వర్తించదని చెప్పింది. ఇక్కడ సర్టిఫికెట్టు కావాలంటే 1950 నాటి కాగితం తెమ్మంటారు. కులం మనతో రైలెక్కి వచ్చింది, సర్టిఫికెట్టు రాలేదు. మా తమ్ముడు ఫారం ముందు కూర్చుని ఏ గడి నింపాలో తెలియక చెమటలు పట్టిన రోజు నాకు గుర్తుంది. దాన్ని "యాంగ్జయిటీ" అని రాసుకుని వదిలేసే డాక్టరుకు ఆ ఫారం ఎలా ఉంటుందో తెలియదు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ కులవివక్ష లేని వైద్యం హక్కు అంటోంది. అందులో కులం అన్న మాట ఉంది. ఫీజు కట్టి లోపలికి వెళ్ళాక ఆ మాట అర్థమయ్యే మనిషి ఉండాలి కదా. దివ్య కందుకూరి మొదలుపెట్టిన 'ద బ్లూ డాన్' లాంటివి బహుజనులకు అలాంటి మనుషులను వెతికిపెట్టే పని చేస్తున్నాయి. చాలవు.

ఇక గ్లాసు. నాయనమ్మకు రాత్రుళ్ళు గుండె దడ. డాక్టరుకు హిందీలో నేనే చెప్పేదాన్ని. ఈసీజీ తీసి బాగానే ఉంది అనేవారు. ఆమె పనిచేసిన ఇళ్ళ గురించి ఎవరూ అడగలేదు. ఈ చదువు చదువుతూ నేనూ నాలుగేళ్ళు అడగలేదు. పోయిన ఏడాది అడిగాను. "స్టీలుదే, అంచు నొక్కుకుపోయి ఉండేది. వానాకాలం అందులో నీళ్ళు నిండిపోయేవి, పారబోసి తాగేదాన్ని" అంది. ఆ రాత్రి ఇద్దరం చాలాసేపు మేలుకునే ఉన్నాం.

ఇంట్లో పెద్దవాళ్ళు హిందీలో చెప్పుకోలేకపోతే 14416 టెలీ మానస్, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. రాసుకోండి. సభ అయ్యాక నేను ఇక్కడే ఉంటాను.

జై భీమ్.