దారిలో చిక్కుకున్నవాని హక్కు

సకల స్తోత్రాలూ సర్వలోక ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం)పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతీ శుభాలూ వర్షించుగాక! అమ్మా బాద్.

ధార్మిక సోదరులారా!

హజ్రత్ అబ్దుల్లాహ్ ఇబ్నె ఉమర్ (రజి) ఒకసారి అజర్‌బైజాన్ ప్రాంతానికి వెళ్ళారు. అక్కడ మంచు కురిసి తిరుగు దారి మూసుకుపోయింది. ఆరు నెలలు నిలిచిపోయారు. అన్నాళ్ళూ ఆయన నాలుగు రకాతుల నమాజును రెండుగానే చేశారని ఉల్లేఖనాల్లో ఉంది. "రేపు దారి తెరుచుకుంటుంది, ఎల్లుండి బయలుదేరుదాం" అనుకుంటూ ఆగిపోయినవాడు ఎన్నాళ్ళున్నా ముసాఫిరే అని మన ఫుఖహాలు తీర్పు చెప్పారు.

మన కర్నూలు, కడప సీమలో మంచు కురవదు. ఏడాదంతా వాన కోసం ఎదురుచూసే నేల ఇది. కానీ ఆ వానే ఒక్క రాత్రిలో దారి మూస్తుంది. 2009 అక్టోబరు 2, శుక్రవారం. తుంగభద్ర, హంద్రీ కర్నూలు ఊళ్ళోకి వచ్చాయి. 2021 నవంబరు 19, అదీ శుక్రవారమే. చెయ్యేరుపై అన్నమయ్య జలాశయపు మట్టికట్ట తెగింది. నందలూరు వైపు ఆర్టీసీ బస్సులు వరదలో చిక్కుకుంటే ప్రయాణికులు ప్రాణాలరచేత పట్టుకొని బస్సు పైకెక్కారు. కొందరు ఇల్లు చేరనే లేదు. వారు ఏ దూరదేశానికో బయలుదేరినవారు కారు. మనలాగే రోజూ తిరిగే దారిలో వెళుతున్నవారు.

సోదరులారా! ఇందులో మనకు మూడు పాఠాలున్నాయి.

మొదటిది, ప్రాణం అల్లాహ్ అమానతు. వంక పొంగుతుంటే "తవక్కుల్" అంటూ బండి దించడం తవక్కుల్ కాదు. ఒంటెను కట్టివేసి, ఆపైన అల్లాహ్‌పై భారం వేయమని దైవప్రవక్త (స) నేర్పారు. ఒక వర్షపు జుమా రోజున హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ముఅజ్జిన్ చేత, ఇళ్ళలోనే నమాజు చేసుకోండని ప్రకటన చేయించారు. ప్రజలు ఆశ్చర్యపోతే, తనకంటే శ్రేష్ఠులైనవారు ఇలాగే చేశారని చెప్పారు. బురదలో నడిచే కష్టానికే జుమా విషయంలో అంత సడలింపు ఉంటే, ఒక గంట ముందు ఇల్లు చేరాలన్న తొందరకు ప్రాణాన్ని పణంగా పెట్టవచ్చునా?

రెండవది, చిక్కుకున్నవాడు నిరాశ చెందరాదు. ముసాఫిర్ దుఆ తిరస్కరించబడదని హదీసులో శుభవార్త ఉంది. అతడు నమాజు విడువరాదు, ఉన్న నీళ్ళూ రొట్టే పక్కవానితో పంచుకోవాలి.

మూడవది, తలుపు ఉన్నవాని బాధ్యత. ఇదే అన్నిటికంటే బరువైనది. దివ్య ఖుర్ఆన్ జకాతు హక్కుదారుల్లో బాటసారినీ చేర్చింది. ఇంటి దగ్గర ఎంత ఆస్తి ఉన్నా, దారిలో చేయి ఖాళీ అయితే అతడు హక్కుదారుడే. తన అవసరానికి మించిన నీళ్ళుండీ బాటసారికి ఇవ్వనివానివైపు ప్రళయదినాన అల్లాహ్ చూడడని హదీసు హెచ్చరిస్తోంది. మరి వరద రోజున పది రూపాయల నీళ్ళ సీసాను యాభైకి అమ్మేవాడు, ఆటో కిరాయి మూడింతలు అడిగేవాడు ఏమని జవాబు చెప్తాడు?

2014 జనవరి 28న అమెరికాలోని అట్లాంటాలో రెండు మూడు అంగుళాల మంచుకే రోడ్లు స్తంభించాయి. ఇళ్ళకు బయలుదేరినవారు కార్లలోనే రాత్రి గడిపారు, పిల్లలు బడుల్లోనే నిద్రించారు. దుకాణాలు తలుపులు తెరిచి అపరిచితులకు చోటిచ్చాయి. దుకాణం చేసిన పని అల్లాహ్ గృహం చేయవద్దా?

ఇషా తర్వాత మసీదుకు తాళం వేస్తాం. మైకులు, ఫ్యాన్లు పోతాయన్న భయం నిరాధారమైనది కాదు. లోపలి హాలుకు తాళం వేయండి. కానీ వాన రాత్రుల్లో వరండా తెరిచి ఉంచండి. ఒక దీపం, తాగునీరు, వజూఖానా, స్త్రీలకు తెర కట్టిన ఒక మూల చాలు. తాళంచెవి ఎవరి దగ్గరుందో గేటుమీద రాయండి. వచ్చినవాని మతం అడగకండి. ఇంకా ఇస్లాం స్వీకరించని సఖీఫ్ ప్రతినిధులకు దైవప్రవక్త (స) తన మసీదులోనే విడిది ఇచ్చారు. కమిటీ పెద్దలు ఈ విషయాన్ని వచ్చే వానాకాలానికి వాయిదా వేయక, ఈ వారమే నిర్ణయించాలి.

ఓ అల్లాహ్! దారిలో ఉన్న ప్రతి ఒక్కరినీ క్షేమంగా వారి ఇళ్ళకు చేర్చు. వరదల్లో ప్రాణాలు కోల్పోయినవారి కుటుంబాలకు ఓదార్పునివ్వు. మా వానలను రహ్మత్‌గా చేయి, విపత్తుగా చేయకు. మా తలుపులనూ, మా హృదయాలనూ బాటసారుల కోసం తెరిచి ఉంచు. ఆమీన్.