బడి యీడు: హక్కు
(పఠనాలయమున జేసిన యుపన్యాసము)



బిడ్డకు ఏ యీడున బడి తలుపు తెఱవవలెను, ఏ యీడువఱకు దానిని మూయరాదు? మన విద్యాచరిత్ర మంతయు ఈ ప్రశ్నను బట్టియే నడచినది.

1911లో గోఖలేగారి బిల్లు, 6 మొదలు 10 యేండ్ల బాలురకు స్థానిక సంఘములు నిర్బంధవిద్య ‘ఏర్పఱుపవచ్చును’ అని మాత్రమే కోరెను. ఆ స్వల్పమైన కోరికయు 1912లో 38 వోట్లు ప్రతికూలముగను, 13 అనుకూలముగను రాగా వీగిపోయెను. 1950 నాటి రాజ్యాంగము, పదేండ్లలో, 14 యేండ్లు నిండువఱకు పిల్లల కెల్లరకు ఉచిత నిర్బంధవిద్య నొసగ ‘యత్నింపవలెను’ అనెను. గడువు తీఱెను, పని తీఱలేదు. 6 మొదలు 14 వఱకు ప్రభుత్వము విద్య ‘ఒసగవలెను’ అను 2002 నాటి సవరణ, 2009 చట్టముతో గూడ 2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చెను.

2020 జాతీయ విద్యావిధానము బడిని 3-8, 8-11, 11-14, 14-18 అను నాలుగు మెట్లుగా విభజించినది. విభజన యుక్తమే. కాని విధానము హక్కు కాదు. 6 యేండ్లలోపు శిశువులకు ప్రభుత్వము ఏర్పాట్లు ‘చేయవచ్చును’ అనియే 2009 చట్టము చెప్పుచున్నది. 14 దాటినవారిలో, ఆలస్యముగా జేరి ఎనిమిదవ తరగతి ముగింపనివారికి దప్ప, అందు ఉచితవిద్య హక్కు లేదు. కలవాని బిడ్డ మూడవ యేటనే బడి కేగును; కూలివాని బిడ్డ పదునైదవ యేట పనికి బోవును. ‘వచ్చును’ అను మాటను నమ్మి న్యాయస్థానమున కెక్కిన బీదవానికి ఫలమేమి?

మీ వీధిలో బడి యెఱుగని పదేండ్ల బిడ్డ యున్నచో నేడే తోడ్కొనిపొండు. ఈడుకు దగిన తరగతిలోనే చేర్చుకొని, ప్రత్యేకముగ తరిఫీదు నీయవలెనని చట్టమే శాసించుచున్నది. మిగిలిన యీడులకును ‘వలెను’ అని వ్రాయించుట మన వంతు.