రంగు నిలుచుట



బట్టల యంగడిలో మనమందఱమును మొదట నడుగు ప్రశ్న యొక్కటియే: "రంగు పోవునా?" వర్తకుడు పోదనును. ఇంటికి వచ్చి ఉదికిన పిమ్మట నిజము బయటపడును. రంగు ఏల పోవును, ఏల నిలుచును అను విషయమునుగూర్చి నేడు కొంత మనవి చేయదలచితిమి.

పసుపును చూడుడు. పసుపునీటిలో ముంచిన నూలుబట్ట క్షణములో మెఱయును. కొన్నిదినము లెండ తగిలిన వెలవెలబోవును. సున్నము తగిలిన ఎఱ్ఱబారును. పారాణి కలుపు ప్రతి గృహిణియు నీ రసాయనము నెఱుగును.

మచిలీబందరు అద్దకమువారు వేఱు మార్గము కనుగొనిరి. బట్టను కరక్కాయరసమునందును గేదెపాలయందును ముంచి యెండబెట్టుదురు. పాలలోని క్రొవ్వువలన పైన వ్రాయు ద్రవము అటునిటు ప్రాకదు. పిమ్మట ఎఱుపు కావలసినచోట పటికనీటితో అద్దుదురు. పటికకు రంగు లేదు. తరువాత బట్టను చిరివేరుతో కాచగా పటిక తగిలిన తావులందే ఎఱుపు తేలి నిలుచును. మిగిలినచోట అంటిన లేతరంగు ఉతుకుటచేతను ఎండచేతను పోవును. కారణమేమన, పటికలోని అల్యూమినియము ఒకవంక నూలుపోగును, మఱియొకవంక వేరులోని అలిజరినను పదార్థమును పట్టుకొని రెంటికిని నడుమ ముడియై యుండును. ఇనుపముక్కలను బెల్లపునీటిలో నాననిచ్చి పులియబెట్టిన రసము కరక్కాయతో కలసి నలుపగును. ఆ నలుపునకు దోషమొకటి కలదు: ఏండ్లు గడచినకొలది ఇనుము పోగును తినివేయును. పాత అద్దకములలో నల్లనిగీతలవెంటనే బట్ట చివికియుండుట కిదియే హేతువు.

మన దేశపు అద్దకపుబట్టలకు జడిసి ఫ్రాన్సు 1686 మొదలు 1759 వఱకు వానిని నిషేధించెను. ఇంగ్లండు 1700, 1721 సంవత్సరములలో శాసనములు చేసెను. 1742లో కూర్దూ అను ఫ్రెంచి పాదిరి పనివాండ్ర నడిగి తెలిసికొని ఈ విధానమును స్వదేశమునకు జాబు వ్రాసెను. మనవారు చేతులతో నెఱిగినదానిని పరులు కాగితముపై నెక్కించుకొనిరి.

1868లో గ్రేబె, లీబర్మన్ అను జర్మను రసాయనజ్ఞులు తారునుండి లభించు ఆంత్రసీనుతో అలిజరినును చేసిరి. వేరులోని అలిజరిను పవిత్రమనియు, తారులోనిది నికృష్టమనియు వాదించు మిత్రులతో మేమేకీభవింపజాలము. రెండును ఒక్క పదార్థమే. వేరులో దానితోబాటు ఇతరద్రవ్యములును కొన్ని యుండుటచే ఛాయ కొంచెము మాఱును, అంతియే.

నీలిమందు కథ వేఱు. ఆకును తొట్టిలో నానవేసి, ఆ నీటిని గాలి తగులునట్లు చిలుకగా నీలము అడుగున పేరుకొనును. అది నీటిలో కరగదు. కరగనిది నూలులోనికెట్లు చొచ్చును? సున్నమును తగిరిసగింజలును వేసి తొట్టిని పులియబెట్టినచో ఆ నీలము రూపు మార్చుకొని పసుపుపచ్చగా కరగును. అందు ముంచి తీసిన బట్ట మొదట ఆకుపచ్చగా నుండి, గాలి సోకగానే మన కన్నులయెదుటనే నీలమగును. దీనికి పటికతో పనిలేదు. ఎన్నిమార్లు చూచినను మాకీ దృశ్యము తనివి తీరదు.

ఈ నీలముకొఱకే 1859లో వంగదేశపు రైతులు తోటదొరల నెదిరించిరి. చంపారనులో బిఘాకు ఇరువది కఠాలుండగా మూడింట నీలి వేయవలెనను తీన్‌కఠియా నిర్బంధముండెను. 1897లో జర్మనీ కర్మాగారపు నీలము అంగళ్లలోనికి వచ్చి తోటనీలము ధర పడిపోయెను. నిర్బంధము సడలినది గదా యని రైతు సంతసించుటకైన వీలులేకపోయెను. నీలి వేయకుండ విడిచినందులకు తోటదొరలు శిస్తు హెచ్చించిరి, లేదా రొక్కము గుంజిరి. రైను నదీతీరమున రసాయనజ్ఞుడు గెలిచిన గెలుపునకు వెల చెల్లించినవాడు చంపారను రైతు. 1914లో యుద్ధము వచ్చి జర్మను సరకు ఆగగా నీలికి మరల గిరాకి కలిగెను. 1917లో గాంధీమహాత్ముడు చంపారను చేరి రైతుల వాఙ్మూలములు వ్రాయించెను. 1918 శాసనముతో తీన్‌కఠియా రద్దయ్యెను.

ఇక నేటి మాట. పెడనలో చెక్క అచ్చులతో కరక్కాయబట్టపై అద్దువారు నేటికిని గలరు. వారి బట్టప్రక్కనే యంత్రముపై అచ్చొత్తిన బట్ట కలంకారీ పేరుతోనే తక్కువధరకు అమ్ముడుపోవుచున్నది. యంత్రపుబట్టపై మాకు ద్వేషము లేదు. కొనువాడు తెలిసి కొనినచో చాలును. ఏ రంగు, దేనితో పట్టించిరి, అచ్చా, యంత్రమా అను మూడుమాటలు ప్రతి బట్టకొసను చీటిపై వ్రాయింపవలెనని వర్తకులను కోరుచున్నాము.