అతిదేశము – అంగడి: ఒక స్మారకోపన్యాసము



ఈ ధర్మనిధి ఎవరి పేర వెలసినదో ఆ కీర్తిశేషులైన వర్తకోత్తముల గుణగణములను పూర్వోపన్యాసకులు విస్తరించియే యున్నారు గనుక, నేనొక్క సంగతి మాత్రము చెప్పెదను. వారొకప్పుడు మీమాంసకు మూలమైన నా జైమినిసూత్రముల పుస్తకమును ఎరువు తీసికొనిపోయి, పదునాలుగు మాసముల పిమ్మట, చిరిగిన అట్టకు బదులు ఎఱ్ఱని ఖాతాపుస్తకపు అట్ట వేయించి తిరిగి పంపిరి. లోపల నొక చీటిపై, కుట్టుకూలి మీ పద్దున వ్రాయలేదని యుండెను. శాస్త్రముపై అంగడి యట్ట! ఫ్రాంచైజీని మీమాంసతో చదువు నేటి నా ప్రసంగమున కా యట్టయే కారణము.

ఫ్రాంచైజీ యననేమో సభవారికి వివరింప నక్కఱలేదు. పేరును పద్ధతియు నొకరివి. పెట్టుబడియు రేయింబవళ్ళ శ్రమయు మఱియొకరివి. మొదటివాడు తన ధనము వెచ్చింపకయే ఊరూర వెలయును. రెండవవాడు జనుల నాలుకపై కొత్త పేరు నెక్కించు ప్రయాస లేకయే తొలినాడే బేరము సాగించుకొనును. 1899లో చట్టనూగా న్యాయవాదు లిరువురు కోకాకోలాను సీసాలలో నింపి యమ్ముకొను హక్కును ఒక్క డాలరునకు పొందిన కథయు, 1952లో హార్లండ్ సాండర్స్ తన కోడివేపుడు పాకమును సాల్ట్ లేక్ నగరపు పీట్ హార్మన్‌కు ఒప్పగించిన కథయు వాణిజ్యవిద్యార్థులకు కంఠస్థములు.

నా వివాద మంతయు ఒక్క మాటను గూర్చినది. మన పత్రికలును అనువాదకులును దీనిని "శాఖ" యనుచున్నారు. వీధిలో జనులు "బ్రాంచి" యందురు. ఇది పొరపాటని నేను ఇరువదియేండ్లుగా మొఱపెట్టుకొనుచున్నాను. శాఖకు వేఱు యజమానుడు లేడు, దాని లాభనష్టములు మూలమునకే చేరును. ఫ్రాంచైజీయందో యజమానుడు వేఱు, వ్యయము వేఱు, ఫలము వేఱు, మూలమునుండి వచ్చునది ఇతికర్తవ్యత, అనగా చేయవలసిన తీరు, ఒక్కటియే. దీనికి మీమాంసకు లేనాడో అతిదేశమని పేరు పెట్టిరి. అమావాస్యాపూర్ణిమల యిష్టులైన దర్శపూర్ణమాసములు ప్రకృతి (మాతృక), తక్కిన యిష్టులు వికృతులు (దాని ననుసరించునవి), అంగములన్నియు ప్రకృతియందే విధింపబడుటచే వికృతియందు మరల చెప్ప బనిలేదు. జైమిని ఏడవ యెనిమిదవ యధ్యాయములను అతిదేశమునకును, తొమ్మిదవదానిని ఊహమునకును (తెచ్చినదానిని తగినట్లు మార్చుట), పదవదానిని బాధమునకును (తగనిదానిని విడుచుట) కేటాయించెను.

అంగడిలో నొక ప్రకృతి యిట్లు పుట్టెను: సాన్ బెర్నార్డినోలో మెక్‌డొనాల్డ్ సోదరులు తమ వంటశాల కొలతలను టెన్నిస్ మైదానముపై సుద్దతో గీచి, పనివారిచే అభినయింపజేసి, చెఱిపి మరల గీచిరి. యజ్ఞవేదిని కొలిచి గీయుట నెఱిగినవారికి ఇది వింత గాదు. 1955లో డెస్ ప్లేన్స్‌లో ఆ విధినే నెలకొల్పిన రే క్రాక్, హక్కు పొందినవారి అమ్మకములపై నూటికి 1.9 వంతున గైకొని, అందు 0.5 సోదరుల కిచ్చుచుండెను; 1961లో 27 లక్షల డాలర్లకు వారి హక్కులను కొనివేసెను.

నిరుడొక న్యాయవాదిమిత్రులు, దర్శపూర్ణమాసములు వికృతులనుండి నూటికింతయని పుచ్చుకొనవు గదా యని నన్ను పరిహసించిరి. వాస్తవమే, వేద మపౌరుషేయము, కంపెనీ పౌరుషేయము. అయినను చంద్రునివంటి ముఖమన్నంతనే చంద్రునికి ముక్కేదని యడుగుట వకీళ్ళకు చెల్లును గాని ఆలంకారికులకు చెల్లదు.

సమాజమంతయు ఈ వంటశాల నమూనాకు లొంగుచున్నదని 1993లో జార్జ్ రిట్జర్ వాదించెను. తూర్పాసియా ప్రజలే ఆ దుకాణములను తమకు తగినట్లు మలచుకొనిరని 1997లో జేమ్స్ వాట్సన్ సంపాదకత్వమున వెలువడిన వ్యాససంపుటి చూపెను. రిట్జర్ అతిదేశమునే చూచెను, వాట్సన్ మొదలగువారు ఊహమునే చూచిరి. బాధము నెవ్వరును పట్టించుకొనలేదు. బంగారు గింజలతో చరువను హవిస్సు వండు నిష్టియందు దంపుట మానుదురు. పొట్టు లేనిదానిని దంచి ప్రయోజనమేమి? ఇది యర్థలోపమువలని బాధము. 1996లో మన దేశమున వెలసిన మెక్‌డొనాల్డ్ దుకాణములలో గోమాంసము లేకపోవుట ప్రతిషేధమువలని బాధము. ఆ చోట ఆలూటిక్కీ చేరుట, వేదిపై కుశకు బదులు శరమను గడ్డి పఱచినట్లు, అచ్చమైన ప్రత్యామ్నాయము. ఆ మాటను మనము దినపత్రికలలో నిత్యము వాడుచు దాని పుట్టిల్లు మఱచితిమి.

అయినను నా వాదమున నొక ముల్లు కలదు, దాచను. వికృతి ప్రకృతిని దిద్దదని శాస్త్రము. కాని 1962లో సిన్సినాటిలో లూ గ్రోయెన్ అను హక్కుదారుడు, శుక్రవారము మాంసము ముట్టని క్యాథలిక్కులకై రొట్టెనడుమ చేపముక్క నుంచి యమ్మెను; 1967లో పెన్సిల్వేనియాలో జిమ్ డెలిగాటి బిగ్ మాక్‌ను కల్పించెను; కొలది యేండ్లలోనే రెండును అమెరికా యంతట విధులైనవి. ఒక పేటలోని ఉపవాసనియమము దేశమంతటి భోజనపట్టికలో కెక్కినది! సంస్కృతి పైనుండి క్రిందికే పాఱునని వగచువారు దీని కేమందురో తెలియదు. నాకును తెలియక, ఆ నాలుగధ్యాయములకు వర్తకోదాహరణములతో తెలుగు టీక మొదలిడి, మూడువందల పుటలు వ్రాసి, పదవ యధ్యాయమున ప్రతిషేధముల కడ నిలిచిపోయితిని.

అచట నిలిచిపోవుటకు కారణ మిది: మన దేశమున ఫ్రాంచైజీకి ప్రత్యేక శాసనము లేదు. 1872 నాటి ఒప్పందముల చట్టమును, 1999 నాటి వాణిజ్యచిహ్నముల చట్టమును ఆ భారము మోయుచున్నవి. కావున విధినిషేధములలో పెక్కు ఒప్పందపత్రములలోనే యుండును, అవి నాకెవ్వరును చూపరు. సభలో హక్కుదారు లెవరైన నున్నచో, పేర్లును అంకెలును కొట్టివేసి నకళ్ళిప్పించిన చాలును. రాయల్టీ యెంతయో నా కక్కఱలేదు; ఏ గింజను దంపవలదనిరో, దంచినవాని నేమి చేయుదురో, ఆ పుటలు కావలయును. ఎఱ్ఱయట్ట పుస్తకమున చివర నింకను కొన్ని తెల్లకాగితములు మిగిలియున్నవి.